నలభై ఏడో నంబరు రాయి

పంపు నీళ్ళు పీల్చే గొట్టం చివర ఇనప జల్లెడ ఉంటుంది. వారానికోసారి దాన్ని సంపులోంచి పైకి లాగి కడగాలి. బొగ్గు నుసి, చెక్క పేళ్ళు, ఖైనీ కాగితాలు వస్తాయి. ఆ సోమవారం ఒక వెండి బిళ్ళ వచ్చింది.

వెండి కాదు, ప్లాస్టిక్. అరచేతి నడుమ పట్టేంత ఉంది. అచ్చు గుద్దినట్టు గుండ్రం. ఒక వైపు వెండి రంగు, రెండో వైపు నలుపు. ఇంకాస్త గీకితే అలాంటివే మరో మూడు వచ్చాయి.

నేనున్నది భూమికి రెండు వందల అరవై అడుగుల కింద. అక్కడికి ఏ వస్తువైనా మనిషి తెస్తేనే వస్తుంది. ఇవి మాత్రం నీళ్ళతో వచ్చాయి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వారం రోజులుగా ఎవరికీ అంతుపట్టడం లేదు.

మా గని తిరువూరు దాటాక గంపలగూడెం వైపు ఉంది. తొమ్మిదేళ్ళ కింద తెరిచారు. గని మీదుగా ఒక వాగు పోతుంది. కంపెనీ దాన్ని కొంత దూరం పక్కకి మళ్ళించి, బొగ్గు లారీల రోడ్డు కింద రెండు సిమెంటు పైపులు వేసి కల్వర్టు కట్టింది. నేను పంపు ఆపరేటర్ని. కింద ఊరే నీళ్ళు సంపులో చేరితే, వాటిని పైకి తోడెయ్యడం నా పని.

మామూలుగా పంపు రోజుకు పద్నాలుగు గంటలు తిరిగితే సంపు అడుగు కనపడేది. ఆ వారం ఇరవై గంటలు తిరిగినా నీళ్ళు గీత దిగలేదు. పోనీ వానలా? దీపావళి తర్వాత చుక్క పడలేదు.

మేనేజరు దిగి వచ్చి చూశాడు.

"పంపు ముసలిదైపోయింది, నీలాగే."

"నిన్ననే విప్పి చూశాం సార్. పంపు బాగానే ఉంది."

"అయితే నువ్వు నిద్రపోతున్నావు."

"నేను నిద్రపోతే పైన గొట్టంలోంచి పడే నీళ్ళు తగ్గాలి కదా సార్. వెళ్ళి చూడండి, ఎంత పడుతున్నాయో."

ఆయన చూడలేదు. వాతావరణ హెచ్చరిక కాగితం తీసి చదివాడు. శనివారం తుపాను తీరం దాటుతుంది. వాగు పొంగుతుంది.

"తుపాను పూట ఎలాగూ ఎవర్నీ దింపను. కానీ పైన ఎక్కడో నీళ్ళకి దారి తెరిచి ఉంది. వాగు ఆ దారి పట్టిందంటే దిగువ సెక్షన్ ఉండదు, బావి ఉంటుంది. శుక్రవారం పొద్దుటికి ఆ దారేదో తేలాలి. తేలకపోతే పంపులు పైకి తీయించి సెక్షన్ వదిలేస్తా."

దిగువ సెక్షన్‌లో నలభై ఆరు మంది పని చేస్తారు. సెక్షన్ పోతే వాళ్ళ పని పోతుంది. దారి దొరక్కుండానే ఎవరన్నా తొందరపడి దింపితే వాళ్ళే పోతారు. ఆ నలభై ఆరు మందిలో నాకు నచ్చినవాడు ఒక్కడూ లేడు. అయినా ఆ నీళ్ళు నా సంపులోకి వస్తున్నాయి. ఎక్కడివో నాకు తెలియాలి.

జల్లెడ కడిగాక దోసిట్లోకి కాసిని నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకున్నాను. ఇది నాకున్న అలవాటు. నా భార్య చిట్టెమ్మకి కిడ్నీలు పోయినప్పట్నుంచి ఉంది. ఎ.కొండూరు వైపు ఆ జబ్బు చాలామందికి వచ్చింది. నీళ్ళ వల్లన్నారు కొందరు, కాదన్నారు కొందరు. నాలుగేళ్ళు డయాలసిస్ కోసం విజయవాడ తిరిగి తిరిగి పోయింది. ఇదీ కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు. అప్పట్నుంచి ఎక్కడ నీళ్ళు కనపడినా రుచి చూస్తాను.

గని నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. తుప్పు వాసన, కాస్త ఉప్పదనం. ఈ నీళ్ళు చల్లగా ఉన్నాయి. నానిన గడ్డి వాసన వేశాయి.

మంగళవారం మొదటి షిఫ్టులో కరుణశ్రీ నా దగ్గరికి వచ్చింది. గని సర్వేయరు. ముప్పై లోపు పిల్ల. చంకలో ప్లాను చుట్ట లేకుండా కనపడదు. ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టే రకం కాదు, తెలియనిది ఏదన్నా ఉంటే నిద్రపట్టని రకం.

"సుందరరాజు గారూ, నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నాయో చూపిస్తారా?"

పాత గ్యాలరీ సొరంగాల వైపు తీసుకెళ్ళాను. అక్కడ బొగ్గు తీసేశాక కప్పు కూలింది. మనుషులు పోకుండా కంచె కట్టారు. కంచె కింద నుంచి నీళ్ళు వస్తున్నాయి. నా తొడంత ధార. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, చెవి కంచెకి ఆనించి విన్నది.

"లోపల ఎక్కడో పైనుంచి పడుతున్నాయి. కానీ లోపలికి పోలేం. ఎక్కడ పడుతున్నాయో ఎలా తెలుస్తుంది?"

"అవి మడి నీళ్ళు మేడం."

"మడి నీళ్ళేంటి?"

"వరి మడిలో నీళ్ళు. రుచి చూశాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తనూ వేలు ముంచి నాలికకి రాసుకుంది. మొహం చిట్లించింది.

"నాకేం తెలియట్లేదు. వానల్లేవు, మడి నీళ్ళు వాగులోకి ఎందుకొస్తాయి?"

"పై ఊళ్ళలో కోతలు మొదలవుతాయి. కోతకు పది రోజుల ముందు మళ్ళు ఆరగడతారు. ఎవరి గట్టు వాళ్ళు తెంపి నీళ్ళు వదిలేస్తారు. అన్నీ వాగులోకి దిగుతాయి. ఆ పది రోజులూ వాగు వాన లేకుండా పారుతుంది."

"ఇది మా పుస్తకాల్లో లేదండీ," అంది. నోట్‌బుక్‌లో రాసుకుంది.

అప్పుడు జేబులోంచి వెండి బిళ్ళ తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పింది. వంచింది. దీపానికి అడ్డం పెట్టి చూసింది.

"ఏంటిది?"

"మల్చింగు షీటు. మిరప బోదెల మీద పరుస్తారు, కలుపు రాకుండా. మొక్క నాటడానికి రేకు డబ్బా అంచుతో గుండ్రంగా కోస్తారు. కోసిన ముక్క ఇది. చేలోనే వదిలేస్తారు."

"గని మీద వాగు పక్కన షీటు వేసి మిరప పెట్టిందెవరో కనుక్కోవాలి."

"ఒక్కడే పెట్టాడు."

"ఎవరు?"

ఆ పేరు నా నోట వచ్చి ఆరేళ్ళయింది.

"జోజిబాబు. నా భార్య తమ్ముడు."

చిట్టెమ్మ ఫిబ్రవరిలో పోయింది. వాడికి కబురు చేశాను. మిరప కోతల్లో ఉన్నాను బావా, లారీ ఎత్తించి వస్తానన్నాడు. మూడో రోజు వచ్చాడు. అప్పటికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. వాడి చేతులు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడలేదు. ఇక మాట్లాడను.

బుధవారం పొద్దున్నే కరుణశ్రీ స్కూటీ మీద, నేను నా బండి మీద ఆ చేనికి వెళ్ళాం. మూడెకరాలు. ఊళ్ళో పెద్ద రైతు వీరరాఘవయ్య గారి భూమి, జోజిబాబు కౌలుకి చేస్తున్నాడు. చేను పల్లం వైపు బోదెల మధ్య చీలమండ లోతు నీళ్ళున్నాయి. అక్కడ మొక్కల ఆకులు వాలిపోయాయి. కాయ ఇంకా పచ్చిగానే ఉంది.

గట్టు మీద ఒక రాతి స్తంభం. మీద 47 అని చెక్కి ఉంది. చుట్టూ సిమెంటు దిమ్మె. దానికి గేదెని కట్టేశారు.

"ఇదిగో, ఇదే," అంది కరుణశ్రీ ప్లాను పరిచి. "నలభయ్యేళ్ళ కింద బొగ్గు ఎక్కడుందో చూడ్డానికి వేసిన బోర్లలో నలభై ఏడోది. బోరు వేసినచోటల్లా ఇలా రాయి పాతారు. గని తెరిచే ముందు మనవాళ్ళు దీన్ని సిమెంటుతో మూసేశారు. రికార్డు ఉంది. అంటే నీళ్ళు ఇందులోంచి పోయే అవకాశం లేదు."

జోజిబాబు చేలోంచి వచ్చాడు. నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

"బావా..."

"మేడం, చేలో నీళ్ళు ఎటు పోతున్నాయో ఆయన్ని అడగండి," అన్నాను.

కరుణశ్రీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరూ మాట్లాడేది తెలుగే కదండీ?"

గట్టు మీద గడ్డి కోస్తున్న జోజిబాబు పెళ్ళాం గ్లోరి కొడవలి దించింది.

"ఆరేళ్ళుగా ఇంతేనమ్మా. మా అన్నయ్య నోరు గనిలో పడిపోయింది. మీరు సర్వే చేస్తారట కదా, కాస్త వెతికి పెట్టండి."

"నువ్వూరుకో," అన్నాడు జోజిబాబు. "నీళ్ళు ఎటూ పోవండీ. నిలబడతాయి. మీ కల్వర్టు కట్టిన కాణ్ణుంచి ఈ చేలో నీళ్ళు నిలబడుతూనే ఉన్నాయి. మూడుసార్లు అర్జీ పట్టుకుని మీ ఆఫీసుకి వచ్చా. గేటు దగ్గర కాగితం తీసుకుని పంపించేశారు."

"బోదెల మీద తడి గుర్తు మోకాలి దాకా ఉంది," అన్నాను కరుణశ్రీతో. "ఇప్పుడు చీలమండే ఉంది. మిగతావి ఎటు పోయాయట?"

"ఎండకి ఇంకిపోయాయని చెప్పండి మేడం."

"నవంబరు ఎండకా అని అడగండి."

కరుణశ్రీ ప్లాను చుట్టేసింది. "నేను టెలిఫోను వైరు కాదండీ," అంది.

గ్లోరి ఒక్కసారి చేను మధ్యకి చూసి, మళ్ళీ గడ్డి వైపు తల తిప్పుకుంది. ఆ చూపు నేను చూశాను. చేను మధ్యలో మిరప తప్ప ఏమీ లేదు. ఏముంటుంది అక్కడ? మళ్ళీ రాయి వైపు చూశాను. రాయి పక్క మొహాన నిలువుగా ఒక గీత ఉంది. గడ్డపార దెబ్బ.

ఆ దెబ్బ నాది.

ఇరవై రెండేళ్ళ కింద గని లేదు. నేనూ జోజిబాబూ వీరరాఘవయ్య గారి దగ్గర పాలేర్లం. ఈ రాయి అప్పుడు చేను మధ్యలో ఉండేది. ట్రాక్టరు నాగలి దానికి తగిలి విరిగింది. ఎవడు పాతాడో వాడే వచ్చి తీస్తాడా, పెకిలించి గట్టు మీద పడెయ్యండిరా అన్నాడాయన. పెకిలించాం. పక్కన ఇనప గొట్టం మూతి కనపడింది. ఒక బండ ముక్క దాని మీద వేసి మట్టి కప్పాం. రాయిని వెదురు బొంగుకి కట్టి ఇద్దరం మోశాం. సగం దూరంలో చిట్టెమ్మ అన్నం తెచ్చింది. రాయి దించి, దాని మీదే కూర్చుని తిన్నాం. తర్వాత గట్టు మీద నిలబెట్టాం. పడుకోబెడితే బాగుండదని నిలబెట్టమన్నది నేనే.

ఇంకో సంగతి ఉంది. గని వాళ్ళు వచ్చి ఈ రాయి చుట్టూ సిమెంటు పోసిన రోజు ఆ సిమెంటు కలిపిన కూలీల్లో నేనూ ఉన్నాను. గొట్టం కనపడదేంటి అన్నారెవరో. తుప్పు పట్టి పోయుంటుందిలే అన్నారింకెవరో. నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా నోరెత్తేవాణ్ణని ఇప్పుడు చెప్పను. అప్పుడే పనిలో చేరాను.

చెప్పులు విప్పి చేలోకి దిగాను. గట్టు నుంచి వాగు వైపుకి అడుగులు వేశాను. ముప్పై ఒకటో అడుగు దగ్గర అన్నం తిన్నచోటు. వాగు అవతలి గుట్ట రెండు కొనలూ అక్కడ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అన్నం తింటూ అటే చూస్తూ కూర్చున్నాను కాబట్టి గుర్తుంది. ఇంకో ముప్పై వేశాను. బోదెల మధ్య పురుగుమందు డ్రమ్ము ఒకటి బోర్లించి ఉంది. వెనక జోజిబాబు "బావా, ఆగు" అన్నాడు. ఆగలేదు. డ్రమ్ము తన్నాను. కింద గొట్టం, మూతికి గోనెసంచి కుక్కి ఉంది. సంచి లాగాను.

గొట్టం గుటకలు వేసింది. చుట్టూ నీళ్ళు సుడి తిరిగాయి. ఒక వెండి బిళ్ళ తేలుకుంటూ వచ్చి, అంచు దగ్గర ఒక్క క్షణం తిరిగి, మడత పడి లోపలికి పోయింది. కరుణశ్రీ నా పక్కకి వచ్చి వంగి చూస్తోంది. ఆ పిల్ల మొహంలో భయం లేదు, పరీక్షలో లెక్క తేలినవాళ్ళ మొహం.

"రాయి ఇక్కడుండాలా? మరి అక్కడికి ఎలా పోయింది?"

"మేం మోశాం."

సంచి మళ్ళీ కుక్కాను.

జోజిబాబు బురదలో నిలబడిపోయాడు.

"ఈ వారం నీళ్ళు నిలిచినప్పుడల్లా తీసేవాణ్ణి, తగ్గాక మూసేవాణ్ణి మేడం. భూమి తాగుతోందనుకున్నా. గని గేటు వాగు అవతలుంది కదా, గనీ అక్కడే ఉంటదనుకున్నా. ఈ కింద మనుషులుంటారని నాకేం తెలుసు?"

అబద్ధం కాదు. ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటారు. గేటు ఎక్కడుంటే గని అక్కడ. కింద అది మైలున్నర పాకిందని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

"ఇప్పుడు దీన్ని మూసేస్తారా?" అంది గ్లోరి. గొంతులో వెటకారం పోయింది. "మూస్తే రెండు రోజుల్లో మొక్క చస్తుంది. తుపానొస్తే చేను మొత్తం చెరువే."

అది నా బాధ కాదు. అయినా నీళ్ళు ఎందుకు నిలబడుతున్నాయో చూడకుండా వెళ్ళలేకపోయాను. కల్వర్టు దాకా నడిచాను. రెండు పైపులూ బాగానే ఉన్నాయి. చెత్త పట్టలేదు. కానీ వాగు అడుగు పైపుల అడుగు కంటే బాగా కిందికి ఉంది. నీళ్ళు మోకాలి పైదాకా లేస్తే గానీ పైపులోకి ఎక్కవు. కరుణశ్రీ మట్టం పెట్టి కొలిచింది.

"అరవై సెంటీమీటర్లు ఎత్తున వేశారు. ఎవరు వేశారండీ ఇది?"

"కాంట్రాక్టరు. లోతు తవ్వితే బండ తగిలిందని పైకి లేపాడు."

"అంటే గని మీద నీళ్ళు ఆపింది మనమే."

"బొక్క తెరిచింది వాడు. దాని గుర్తు మాయం చేసింది నేను," అన్నాను.

ఆ సాయంత్రం ఒక కాగితం మీద మూడూ రాశాను. రాయి నేను మోశాను. గొట్టం జోజిబాబు తెరిచాడు. కల్వర్టు కంపెనీ ఎత్తున వేసింది. అలంకారాలు లేవు. గురువారం పొద్దున మేనేజరు చదివాడు.

"బొక్క దొరికింది, మంచిది. ఇవాళే సిమెంటు పోయిద్దాం. మీ బామ్మర్ది మీద పోలీసు కంప్లయింటు ఇద్దాం. నీ పేరున్న ముక్క తీసెయ్, నీకే మంచిది. కల్వర్టు ముక్క కూడా తీసెయ్. రోడ్డు తవ్వితే లారీలు రెండు రోజులు ఆగుతాయి."

"తీస్తే సంతకం పెట్టను సార్."

"ఎందుకు పెట్టవు?"

"మీ రికార్డులో ఆ బొక్క తొమ్మిదేళ్ళ కిందే మూసేశారు. రాయి జరిగిందని చెప్పడానికి ఉన్నది నేనొక్కణ్ణే. నా సంతకం లేకపోతే మూసిన బొక్కలోంచి నీళ్ళెలా వచ్చాయో తనిఖీ వాళ్ళకి మీరే చెప్పుకోండి."

"బెదిరిస్తున్నావా?"

"రాసింది చదవమంటున్నాను."

కరుణశ్రీ గొంతు సవరించుకుంది. "సార్, బొక్క మూసినా కల్వర్టు అలాగే ఉంటే తుపాను నీళ్ళు మొత్తం పాత గ్యాలరీల మీద నిలబడతాయి. కూలిన కప్పులో పగుళ్ళు ఎన్ని ఉన్నాయో మనకి తెలియదు. దిగువ సెక్షన్ ఉండాలంటే రెండూ చెయ్యాలి. ఇంకోటి. కంప్లయింటు ఇస్తే ఆయన ఇచ్చిన మూడు అర్జీల సంగతి కూడా పోలీసులు అడుగుతారు."

మేనేజరు కిటికీలోంచి లారీల వరస చూశాడు. తర్వాత ఫోను తీశాడు.

గురువారం మధ్యాహ్నం గొట్టంలోకి సిమెంటు పాలు పోశారు. నలభై మూడు బస్తాలు తాగింది. శుక్రవారం రోడ్డు కోసి, బండ పగలగొట్టి, ఒక పైపు దించారు. రెండో దానికి టైము లేదు. పైపు కూర్చోగానే చేలో నీళ్ళు కదిలాయి. చీకటి పడేలోపు బోదెల మధ్య బురద తేలింది.

శనివారం తుపాను వచ్చింది. నేను పైన పంపు షెడ్డులో ఉండి, కింద నుంచి వచ్చే గొట్టం మూతినే చూస్తూ కూర్చున్నాను. గంటకోసారి రుచి చూశాను. తుప్పు, ఉప్పదనం. గడ్డి వాసన లేదు. వాగు రోడ్డు అంచుదాకా లేచింది, దిగిపోయింది.

మంగళవారం పంపు పదిహేను గంటలు తిరిగింది. గురువారానికి పద్నాలుగు. నలభై ఆరు మందీ దిగువ సెక్షన్‌లోకి దిగారు. ఒకడు పోతూ పోతూ, "ఏం తాతా, ఇవాళ నీళ్ళు తియ్యగా ఉన్నాయా?" అన్నాడు. ఇందుకే వీళ్ళెవరూ నాకు నచ్చరు.

కరుణశ్రీ గని మీదున్న మిగతా రాళ్ళన్నీ తిరిగి చూసింది. ఇరవై మూడు రాళ్ళలో నాలుగు జరిగాయి. ఒకటి వీరరాఘవయ్య గారి ఇంటి ముందు మెట్టుగా ఉంది. ఆ నాలుగు బోర్లనీ ఇప్పుడు వెతుకుతున్నారు.

నాకు మెమో ఇచ్చి పది రోజులు సస్పెండ్ చేశారు. రాయి మోసినందుకు కాదు, సిమెంటు పోసిన రోజు మాట్లాడనందుకు. సరైన కారణమే.

ఆ పది రోజుల్లో ఒకనాడు కల్వర్టు చూడ్డానికి వెళ్ళాను. కొత్త పైపు ఎలా పీలుస్తోందో చూడాలనిపించింది. జోజిబాబు అక్కడే ఉన్నాడు. వాగులో దిగి, పైపు మూతికి పట్టిన కంప లాగుతున్నాడు. పల్లం వైపు అరెకరం మిరప చచ్చింది. మిగతాది తేరుకుంది. నన్ను చూసి పని ఆపాడు.

"కాగితంలో నా పేరు రాశావట."

నేను పైపు వైపు చూశాను. నీళ్ళు సగం పైపుకి పారుతున్నాయి. అడుగున ఇసుక మేట వేయలేదు.

"నీ పేరూ రాసుకున్నావట," అన్నాడు మళ్ళీ.

కంప ముక్క గట్టు మీదికి విసిరాడు.

"బావా, ఆ రోజు రాయి మీద కూర్చుని తిన్నాం కదా. అక్క ఏం కూర తెచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. నీకు గుర్తుందా?"

గుర్తుంది. చిక్కుడుకాయ, ఎండు రొయ్యలు. ఉప్పు తక్కువైందని నేను విసుక్కున్నాను.

వాడికి చెప్పలేదు. బండి స్టార్ట్ చేశాను.